నీకేం తెలుసక్కా

పులివెందుల బస్టాండులో ఒంటిగంట బస్సు ఇంకా కదలనే లేదు, నాగలత మనసు మాత్రం అప్పటికే తొండూరు దాటి, ముద్దనూరు దాటి, జమ్మలమడుగు చర్చి వెనకనున్న రేకుల షెడ్డులోకి వెళ్లిపోయింది. నాలుగు గంటలకు చాపల మీద కూర్చోబోయే ఇరవైమంది పిల్లల ముందు నిలబడి చేతులు తిప్పుతూ అప్పుడే మాట్లాడేస్తోంది కూడా. పెదవులు కదులుతున్నట్టున్నాయి, పక్క సీట్లో చీనీకాయల గంప పెట్టుకున్న ఆవిడ ఒకసారి తిరిగి చూసి, ఫోనులో మాట్లాడుతోందేమోనని చెవి వైపు చూసి, చెవిలో ఏమీ లేకపోవడంతో కొంచెం అటు జరిగింది. నాగలతకు నవ్వొచ్చింది. ఒళ్లోని సంచీలో సండే స్కూలు పాఠాల పుస్తకం ఉంది, దాన్ని ఈరోజు తెరవకూడదని నిర్ణయించుకుంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం తెరిచింది. తెరిచిన ప్రతిసారీ ఇరవై తలలు కిందికి వంగేవి. ప్రార్థన కోసమని మొదట్లో అనుకుంది, చాపల కింద ఫోన్లున్నాయని తర్వాత తెలిసింది. ఈరోజు పుస్తకం లేదు, ఈరోజు తన నోరు ఉంది, తన పదహారో ఏడు ఉంది. చెప్పేస్తాను, అంతా చెప్పేస్తాను అనుకుంటుంటే గుండె పరుగు పందెం ముందు ఈల కోసం నిలబడిన పిల్ల గుండెలా కొట్టుకుంటోంది. డ్రైవరు ఇంకా టీ తాగుతూనే ఉన్నాడు.

నీకేం తెలుసక్కా. పోయిన ఆదివారం మల్లిక అన్న మాట అది. గట్టిగా కూడా అనలేదు. తల్లిదండ్రులను గౌరవించాలనే పాఠం నడుస్తోంది, నాగలత పుస్తకంలోని ప్రశ్న చదివింది, మీ అమ్మతో ఈ వారం ఒక మంచి మాట మాట్లాడారా అని. చదువుతూ, ఎందుకు చూసిందో, మల్లిక వైపే చూసింది. మల్లికది పదో తరగతి. తండ్రి ఎప్పుడో వదిలేసి వెళ్లాడు. తల్లి సుధారాణి ప్రొద్దుటూరులో బట్టలకొట్టులో పనిచేస్తూ, ఒక గది అద్దెకు తీసుకుని ఆ పిల్లను పెంచింది. ఈ ఏప్రిల్లో సుధారాణి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లింది. సెలవులకు పదిరోజులు అవ్వ దగ్గరుందువని చెప్పి మల్లికను జమ్మలమడుగులో తన తల్లి పెద్దసుబ్బమ్మ ఇంటికి తీసుకొచ్చి, పిల్ల నిద్రలో ఉండగా చెప్పకుండానే వెళ్లిపోయింది. పది రోజులు కాదని మల్లికకు ఎట్లా తెలిసిందంటే, అవ్వ పెట్టెలో దువ్వెన కోసం వెతుకుతుంటే ప్రొద్దుటూరు స్కూలు టీసీ చేతికి దొరికింది. అప్పటినుంచి నాలుగు నెలలు తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. ఇవన్నీ నాగలతకు తెలుసు. తెలిసి కూడా, పుస్తకంలో ఉంది కదా అని, ఆ ప్రశ్న ఆ పిల్ల మొహం మీదికి విసిరినట్టు చదివింది. మల్లిక లేచింది, చెప్పులు వేసుకుంది, గుమ్మం దగ్గర ఆగి, "నీకేం తెలుసక్కా" అని వెళ్లిపోయింది. మిగతా పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి నాగలత వైపు చూశారు. రెండేళ్లలో అంతమంది ఒకేసారి తనను చూడటం అదే మొదలు.

బస్సు కదిలింది. అరటితోటలు మొదలయ్యాయి, ఆకులు గాలికి చీలి దువ్వెనల్లా ఊగుతున్నాయి. ఏం తెలుసు నాకు, ఏం తెలుసు, అని వారమంతా అడుగుతూనే ఉంది, టీకా సూదులు ఉడకబెడుతూ, రిజిస్టరులో బర్రెల చెవిపోగుల నెంబర్లు రాస్తూ. పులివెందుల పక్కన ఒక పల్లెలో ఆమె పశుసంవర్ధక సహాయకురాలు, జనం డాక్టరమ్మా అంటారు, కాదని చెప్పి చెప్పి మానేసింది. నిన్న పొద్దున ఒక గొర్రెల మందకు టీకాలు వేస్తోంది. మందాయన కూతురు, పన్నెండేళ్లుంటాయేమో, ఒక గొర్రెపిల్లను చంకన పెట్టుకుని వదలనంటోంది. తండ్రి కసురుతున్నాడు, ఇడ్సిపెట్టు పాపా, డాక్టరమ్మకు ఎంతసేపు అని. నాగలత సూది పక్కన పెట్టి, "పట్టుకోనీలే అప్పా. దాని పేరేంది పాపా?" అంది. ఆలోచించి అనలేదు, నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆ పిల్ల పేరు చెప్పింది, గొర్రెపిల్ల మెడ తనే వంచి పట్టింది, సూది దిగేదాకా దాని చెవిలో ఏదో చెబుతూనే ఉంది. నాగలత చేతులు కడుక్కుంటూ బోరింగు దగ్గర అట్లాగే నిలబడిపోయింది. నాకు తెలుసు. నాకు తెలియనిదేంది ఇందులో. ఎవరూ అడగకపోవడం అంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఆ పుస్తకం రాసినవాళ్లకు తెలుసా. నీళ్లు పాదాల మీద కారిపోతున్నాయి, అప్పుడు పుట్టింది ఈ ఉత్సాహం, నిన్న పొద్దుననగా పుట్టింది ఇంకా తగ్గలేదు, అన్నం కూడా సరిగా తిననివ్వలేదు.

ఎక్కడినుంచి మొదలుపెట్టాలి. ఊరి నుంచి. కొండాపురం మండలంలో మాకొక ఊరుండేది అని మొదలుపెట్టాలి. ఉండేది అనగానే పిల్లలు తలెత్తుతారు, ఊరనేది ఉండకుండా ఎక్కడికి పోతుందని. గండికోట డ్యాము కింద మునిగిపోయింది. మాది గొర్రెల ఇల్లు. మా నాయన కాటమయ్యకు నూటికి పైగా గొర్రెలుండేవి, ఎన్నని అడిగితే చెప్పలేకపోయేవాడు కానీ ఒకటి తగ్గితే గడప దాటకముందే తెలిసేది, మొహాలు చూసి. ఆ ముసిలిగొర్రె గురించి చెప్పాలి, ఎడమ చెవి తెగింది, నాగలత చదువుకుంటుంటే వచ్చి పుస్తకం మీద పడుకునేది, లెక్కల నోటుబుక్కులో సగం అదే తినేసింది. నవ్వుతారు పిల్లలు ఇక్కడ. నవ్వాలి. తర్వాత ఆఫీసర్లొచ్చారు, గోడల మీద ఎర్రరంగుతో అంకెలు వేశారు, కాలనీలో స్థలాలన్నారు, పెద్దవాళ్లు చెట్టుకిందా పంచాయితీ ఆఫీసులోనూ రోజుల తరబడి మాట్లాడుకున్నారు, అరుచుకున్నారు, సంతకాలు పెట్టారు. పదహారేళ్ల పిల్ల నాగలత జమ్మలమడుగు హాస్టల్లో ఇంటరు చదువుతోంది. ఎవరూ ఒక్క మాట అడగలేదు. దసరా సెలవులకు ఇంటికి పోదామని సంచీ సర్దుకుంటే, వార్డెను చెప్పింది, మీ వాళ్లు ఖాళీ చేసినారంట, కాలనీకి పో అని. ఊరు పోయిందని వార్డెను నోట విన్నది. సరిగ్గా అట్లాగే కదా, మల్లికకు పెట్టెలో దొరికిన కాగితం చెప్పింది, నాకు వార్డెను చెప్పింది.

రోడ్డు మీద గొర్రెలు అడ్డం వచ్చి బస్సు ఆగింది. నాగలత కిటికీలోంచి మొత్తం మందను ఒక్క చూపులో చూసేసింది, వెనక కుడివైపున ఒకటి కుంటుతోంది, గిట్టల పుండు, నాలుగు రోజులు మైలుతుత్తం నీళ్లలో నిలబెడితే పోతుంది. చెప్పేలోపు బస్సు కదిలింది. నాగలత మళ్లీ ఊళ్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె కాలనీకి పోలేదు. కొండాపురంలో దిగి నడుచుకుంటూ సొంత ఊరికే పోయింది. తలుపులు లేని ఇళ్లు. జనం వెళ్తూ తలుపులు, దూలాలు, కిటికీ చట్రాలు అన్నీ పీక్కుపోయారు, ప్రతి ఇల్లూ పళ్లు ఊడిన నోరు తెరుచుకున్నట్టుంది. కింది వీధిలో నీళ్లొచ్చేశాయి, ఎంత నిమ్మళంగా వచ్చాయంటే, అలలు లేవు, చప్పుడు లేదు, గుమ్మం ముందు ఎవరో చల్లి పోయినట్టున్నాయి. తేళ్లు గోడలెక్కుతున్నాయి. తమ మిద్దె ఎక్కి, మోకాళ్లు దగ్గరకు లాక్కుని కూర్చుంది. ఏం చేద్దామని వచ్చిందో ఆమెకే తెలియదు. రానీ నీళ్లు, నేను లేవను, ఇప్పుడన్నా అడుగుతారు కదా నన్ను. అంతే. ఆ వయసులో దానికంటే పెద్ద ఆలోచన ఏముంటుంది, ఆ కోపమే ఒక ఆలోచన.

ఇంతవరకూ చెప్పగలదు. ఇంతవరకూ చెబితే బాగుంటుంది కూడా, పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. కానీ ఆ తర్వాతది ఉంది. హాస్టలు నుంచి బయలుదేరిన పిల్ల కాలనీకి చేరలేదని తెలియగానే కాటమయ్య వెతుక్కుంటూ బయలుదేరాడు. ఊళ్లోకి కాదు, గుట్ట మీదికి, చిన్నప్పుడు తనతో గొర్రెలు మేపడానికి వచ్చి కూతురు దాక్కునే రాళ్ల సందుల్లోకి. పొద్దు గుంకే వేళ ఒక బండ మీదినుంచి జారాడు. తొడ ఎముక విరిగింది. రెండువారాల్లో మంద అమ్మేశారు. నడవలేనివాడు మంద ఎట్లా తోలతాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, అమ్మ అనలేదు, నాయన అనలేదు, మంచం మీద పడుకుని కళ్లతో నవ్వి, "తిన్యావా పాపా" అన్నాడు. ఎనిమిదేళ్లయింది. ఇప్పటికీ కాలనీ ఇంటి అరుగు మీద కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, రోడ్డున పోయే మందలను చూస్తాడు. ఇది చెప్పాలా. ఇది చెబితే ఆ పిల్లల ముందు తాను ఏమవుతుంది. చెప్పకపోతే మిగిలిందంతా సినిమా కథ అవుతుంది, అక్క గొప్పది, మిద్దెక్కి కూర్చుంది అంటారు, మల్లిక మళ్లీ అదే మాట అంటుంది, ఈసారి మనసులో అంటుంది. చెప్పాలి. అమ్మో, చెప్పాలి. ఎందుకో భయంలో కూడా ఉత్సాహం తగ్గడం లేదు, జ్వరం వచ్చేముందు ఒళ్లు తేలికైనట్టుంది.

ముద్దనూరు దగ్గరపడుతుండగా, దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడుతుండగా, ఫోను మోగింది. పెద్దసుబ్బమ్మ. ఆ ముసలామె ఎప్పుడూ ఫోను చేయదు, ఎవరితోనో నొక్కించుకుని చేసింది.

"మ్మా నాగలతా, మల్లిక నీకాడికేమన్నా వచ్చిందా?"

"లేదవ్వా. నేను బస్సులో ఉండా. ఏమైంది?"

"పొద్దన చర్చికి పోతాండా అని పోయింది. చర్చికి పోలేదంట. ఫోను ఎత్తల్యా. యాడికని పోదును నేను, ఎవుర్ని అడుగుదును. నిన్న వాళ్లమ్మ ఫోను చేస్తే మాట్లాడు మాట్లాడు అని నేనే నోరు పారేసుకుంటి."

నాగలతకు ఒక్క క్షణం చెవుల్లో ఏమీ వినబడలేదు. తర్వాత అన్నీ ఒకేసారి వినబడ్డాయి, ఇంజను, గంపలో చీనీకాయలు దొర్లడం, కండక్టరు ముద్దనూరు ముద్దనూరు అని అరవడం, వాటన్నిటి మధ్యన తన మనసు ఎంత స్పష్టంగా చెప్పిందంటే, పక్కనున్నవాళ్లకు కూడా వినబడి ఉంటుందనిపించింది. ప్రొద్దుటూరు. ఇంకెక్కడికి పోతుంది. తనను అడగకుండా ఇల్లు తీసేస్తే పిల్ల ఆ ఇంటికే పోతుంది, గోడలైనా చెబుతాయేమోనని పోతుంది. జూన్ నెలలో ఒకసారి, చాపలు చుట్టేటప్పుడు, మల్లిక తనంతట తానే చెప్పింది, మోడంపల్లెలో షాహీదాబీ వాళ్ల మిద్దె మీద మా రూమక్కా, కిటికీలోంచి మసీదు కనపడతాది అని. అప్పుడు నాగలత చాపలు లెక్కపెడుతూ ఊ కొట్టింది. అంతా వినలేదనుకుంది కానీ చెవి విన్నది, ఎక్కడో దాచిపెట్టింది. "అవ్వా, భయపడాకు. యాడుందో నాకు తెలుసు. పోయి పిల్చుకొస్తా" అని, బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే దిగింది.

ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సు స్టాండులోంచి బయటికి వస్తోంది. చేయి అడ్డం పెట్టి ఎక్కేసింది. నిలబడే సుశీలమ్మకు ఫోను చేసింది. చర్చిలో పిల్లలను చూసుకునే పని నాగలతకు ముందు ఇరవై ఏళ్లు సుశీలమ్మే చేసింది, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉంటోంది. జరిగింది వినగానే ఆమె, "సరే, నాలుగ్గంటలకు నేను పోతాలే పిల్లోళ్ల కాడికి. పెద్దసుబ్బమ్మను గూడ నా పక్కనే కూచోబెట్టుకుంటా. నువ్వు పో" అంది. ఫోను పెట్టేయబోతూ, "ప్రొద్దుటూరులోనే ఉందని ఎట్ల చెప్తాండావు?" అంది. "తెలుసులేమ్మా" అంది నాగలత. అవతల సుశీలమ్మ నవ్వింది, చిన్నగా, ఏదో పాత మాట గుర్తొచ్చినట్టు.

గుర్తొచ్చే ఉంటుంది. ఎందుకంటే ఆ రోజు మిద్దె మీద కూర్చున్న నాగలతను వెతుక్కుంటూ వచ్చింది, హాస్టలు పిల్లలను పలకరించడానికి వారం వారం వచ్చిపోయే సుశీలమ్మే. హాస్టల్లో వంట చేసే బిస్మిల్లా బీ, పిల్ల కొండాపురం ఆటో ఎక్కిందని చెప్పిందట, అంతే, సుశీలమ్మ ఇంకెవరినీ అడగకుండా సూటిగా ఊరికొచ్చింది. చెప్పులు ఒక చేత్తో, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, పిక్కలదాకా నీళ్లలో, వీధి మధ్యన నడిచి వస్తున్న ఆమెను మిద్దె మీదినుంచి చూసి నాగలత గట్టిగా కళ్లు మూసుకుంది, ఇప్పుడు మొదలుపెడుతుంది, బుద్ధిలేదా అంటుంది, ప్రార్థన చేద్దాం రా అంటుంది. సుశీలమ్మ మిద్దెక్కింది, ఆయాసం తీర్చుకుంది, కాసేపు నీళ్లు చూసింది. "మీ ఇల్లు నేనెప్పుడూ చూల్లేదు గదమ్మా. చూపీ" అంది. నాగలత లేచింది. మిద్దె దిగి, తలుపులేని గుమ్మంలోంచి లోపలికి తీసుకుపోయి చూపించింది. ఈడ మేం పండుకుంటాము, ఈడ మా అమ్మ రొట్టెలు చేస్తాది, ఇది దొడ్డి, ఈ మూలన ముసిలిగొర్రె ఈనుతాది. పండుకుంటాము, చేస్తాది, ఈనుతాది, అన్నీ ఇంకా జరుగుతున్నట్టే. సుశీలమ్మ ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. ప్రతి మూలా చూసింది, పొయ్యి రాయి మీద చేయి పెట్టి చూసింది, గొర్రెలకు పేర్లుంటాయా అని అడిగింది. అన్ని పేర్లూ చెప్పేసరికి చీకటి పడబోతోంది, నాగలత తనే అంది, పోదామమ్మా అని. దారిలో అడిగింది, నేనీడ ఉండానని ఎట్ల తెలిసింది మీకు అని. సుశీలమ్మ, "నేనూ ఒకసారి ఇట్లే పోయినా లే" అంది. ఎక్కడికి, ఎందుకు, ఏమీ చెప్పలేదు. నాగలత ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. అడగాలి. ఇదేమిటి, నేను కూడా అడగనిదాన్నే కదా అనుకుంది, నవ్వు, సిగ్గు కలిసి వచ్చాయి. ఆ సాయంత్రం తర్వాతే ఆమె ఆదివారాలు సుశీలమ్మ వెంట చర్చికి పోవడం మొదలుపెట్టింది. నాయనకు చెబితే, "ఏ దేముడైతే ఏమిలే పాపా, ఆయమ్మ నిన్ను ఇంటికి తెచ్చింది" అన్నాడు.

ఎర్రగుంట్ల దాటింది. నాపరాళ్ల ఫ్యాక్టరీల దుమ్ము కిటికీల్లోంచి వచ్చి పెదవుల మీద కూర్చుంటోంది. త్వరగా పో అప్పా, త్వరగా పో, అని డ్రైవరు వీపుకేసి చూస్తూ అనుకుంటోంది. ఒకవేళ అక్కడ లేకపోతే. ఉంటుంది. లేకపోతే ఏమిటి, బస్టాండులో ఉండి, కడపకు ఎక్కి, అక్కడినుంచి. లేదు, ఉంటుంది. ఏం చెప్పాలి చూడగానే. ఏమీ చెప్పకూడదు. పొద్దుటినుంచి కూడబలుక్కున్న ప్రసంగమంతా, ఊరుండేది అనే మొదటి మాట నుంచి, చేతుల్లోంచి ఇసకలా జారిపోయింది. దాని బదులు ఏమీ లేదు, ఖాళీగా ఉంది, ఆ ఖాళీ ఎంత హాయిగా ఉందో. పెన్నా బ్రిడ్జి వచ్చింది, ఇసకలో సన్నటి పాయ మెరుస్తోంది, అవతల ప్రొద్దుటూరు మిద్దెలు, మీనార్లు, సెల్ టవర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి చూస్తున్నట్టున్నాయి. ఆటో ఎక్కింది. మోడంపల్లెలో షాహీదాబీ ఇల్లని అడిగితే మూడోవాడు చూపించాడు. ఇంటి ముందు ఒక చిన్న లారీ ఆగి ఉంది, మంచాలు, బీరువా, గ్యాసు సిలిండరు, ఒక కుటుంబం నీడలో నిలబడి ఉంది. అరుగు మీద అరవై దాటిన షాహీదాబీ, మల్లిక పేరు వినగానే నెత్తిన కొంగు సర్దుకుంటూ లేచింది.

"నువ్వు ఆ బిడ్డకు ఏమవుతావు బేటీ?"

"అక్కనవుతా" అంది నాగలత.

"పైనుంది. పొద్దన తొమ్మిదికి వచ్చింది. ఈ రోజు కొత్తోళ్లు దిగుతాండారని ఆ పిల్లకు ఎవురు చెప్పినారో. గడియ పెట్టుకుంది. ఈళ్లేమో బయటనే నిలబడుండారు. నాకు గట్టిగా అనేకి నోరు రాల్యా. ఆరేండ్లు నా చేతుల మీద పెరిగిండాది. కిటికీలోంచి అన్నం ఇచ్చినా, తిన్నది."

నాగలత మెట్లెక్కింది. కొత్త సున్నం వాసన. తలుపు మీద చిన్నగా తట్టి, "మల్లికా, నేను" అంది. అవ్వ ఏడుస్తోందని చెప్పాలనిపించింది, చెప్పలేదు. కింద లారీ ఉందని చెప్పాలనిపించింది, అదీ చెప్పలేదు. "మీ రూమ్ నేనెప్పుడూ చూల్లేదు గదా పాపా. చూపీ" అంది. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

ఖాళీ గది. మల్లిక కళ్లు వాచి ఉన్నాయి, చేతికి సున్నం అంటింది. మొదట గోడకానుకుని నిలబడింది. తర్వాత గడ్డంతో ఒక మూలకు చూపించింది, ఆడ స్టవ్వు. తర్వాత వేలితో, ఈడ మంచం, నేను గోడ పక్క, మా అమ్మ ఇవతల పక్క. తర్వాత నడుస్తూ, ఈ కిటికీలో చదువుకుంటాండా, ఈ మేకుకు నా యూనిఫామ్, ఈడ వాన కురిస్తే గిన్నె పెడతాము, రెండు గిన్నెలు, పెద్ద వానైతే మూడు. నాగలత ప్రతి చోటా ఆగి చూసింది, గిన్నెలు పెట్టే చోట తలెత్తి కప్పు కూడా చూసింది. అన్నీ అయిపోయాక ఇద్దరూ కిటికీ కింద కూర్చున్నారు.

"నేను ఈడుండానని ఎట్ల తెలిసిందక్కా?" అంది మల్లిక.

అప్పుడు నాగలత చెప్పింది. పొద్దుటినుంచి బస్సులో చెప్పుకున్నట్టు కాదు, చేతులు తిప్పలేదు, నవ్వించే చోట్లు మరిచిపోయింది. ముసిలిగొర్రె ముందొచ్చింది, వార్డెను తర్వాతొచ్చింది, నీళ్లు మధ్యలో వచ్చాయి. నాయన కాలు సంగతి కూడా చెప్పింది. నా వల్ల ఆయన నడక పోయింది, నా వల్ల మంద పోయింది అని మొదటిసారి ఒక మనిషి ఎదుట పైకి అంది. మల్లిక మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని విన్నది. విని, పదిహేనేళ్ల పిల్లలు మాత్రమే అడగగలిగినట్టు సూటిగా అడిగింది.

"మీ నాయన్తో ఈ మాట అన్న్యావా ఎప్పుడన్నా?"

"లేదు."

"ఎనిమిదేండ్లా?"

"ఊ."

"మల్లా మమ్మల్ని మాట్లాడు మాట్లాడు అంటావు." మోకాళ్ల మీంచి గడ్డం ఎత్తింది. "నువ్వు ఇప్పుడు చెయ్. నువ్వు చేస్తే నేనూ మా అమ్మకు చేస్తా."

నాగలత ఆ పిల్ల మొహం చూసింది. ఆట పట్టించడం లేదు, బేరమాడటం లేదు, నిజంగానే అడుగుతోంది. ఫోను తీసింది. రెండు రింగులకే కాటమయ్య ఎత్తాడు, వెనక ఎక్కడో టీవీ మోగుతోంది.

"నాయనా, ఒక మాట అడగాల నిన్ను. నీ కాలు నా వల్లనే గదా విరిగింది. నా వల్లనే గదా గొర్రెలు అమ్ముకున్యావు."

టీవీ ఆగింది. ఎవరినో కట్టేయమన్నట్టున్నాడు.

"ఎవురన్నారు నీతో?"

"ఎవురూ అనలేదు. నేనే."

"ఇన్నేండ్లు అట్ల అనుకుంటాండావా పాపా." కర్ర నేలకు తగిలిన చప్పుడు వినబడింది. "మందను అమ్మేకి ఆ ముందు వారమే పెండ్లిమర్రి ఆయప్పకు మాట ఇచ్చింటి. కాలనీలో దొడ్డి యాడ కట్టాల, మేపు యాడుండాది. మీ అమ్మకు గూడ చెప్పల్యా. నువ్వు కనపడ్లేదంటానే, పాపకు తెలిసిపోయిందిరా, నా మీద కోపంతో పోయింది అనుకుంటి. ఆ గుట్టంతా అదే అరుచుకుంటా తిరిగినా, మందను అమ్మను లే పాపా రా అని. నిన్నొక మాట అడగాల్సింది నేను. ఆ చెవి తెగిన దాన్నన్నా పెట్టుకుందామా అని అడిగింటే పోయేది."

ఎనిమిదేళ్లు ఆయన అరుగు మీద కూర్చుని రోడ్డున పోయే మందలను చూస్తున్నాడనుకుంది నాగలత. ఆయన వాటిలో తెగిన చెవి కోసం వెతుకుతున్నాడని ఇప్పుడు తెలిసింది. ఏడుపు వచ్చింది, కానీ దాని కింద, దానికంటే గట్టిగా, ఏదో గేటు తెరిస్తే మంద ఒక్కసారిగా బయటికి ఉరికినట్టు ఒక సంతోషం ఛాతీలో తోసుకొచ్చింది, దాన్ని ఆపడం ఆమె వల్ల కాలేదు.

"ఇప్పుడెందుకడిగినావు ఇది?" అన్నాడు కాటమయ్య.

"ఇంటికొచ్చి చెప్తా నాయనా. రేత్రికి వస్తా."

"రా. మీ అమ్మతో జొన్నరొట్టెలు చేయమంటా."

ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంది. మల్లిక అప్పటికే తన ఫోను తీసి, నాలుగు నెలల కింద బ్లాకు చేసిన పేరు కోసం వెతుకుతోంది. స్పీకరులో రింగు మొదలైంది. నాగలత లేచి బయటికి పోదామని తలుపు దగ్గరికి వెళ్లింది. ఒక్క రింగుకే అవతల ఎత్తారు, పాపా, పాపా అని రెండుసార్లు వినబడింది, తర్వాత ఏదో గిన్నె కింద పడిన చప్పుడు.

"మా," అంది మల్లిక. "పొయ్యేముందు నన్ను లేపింటే ఏమైతాండె నీకు?"

కింద వీధిలో లారీ డ్రైవరు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"నిన్ను లేపింటే నాకు పొయ్యేకి కాళ్లాడేటివి కాదు పాపా" అంది సుధారాణి.

మల్లిక గోడకు చేరగిలబడింది. ఫోను రెండు చేతులతో పట్టుకుని చెవికి దగ్గరగా తెచ్చుకుంది.

"మల్లా చెప్పు" అంది.